అడగనివాళ్ళకి ఇవ్వాల్సిన బుట్ట

మా నాన్న అమెరికా వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి వాదన ఒక్కటే. కోస్తాలో ఉన్నన్నాళ్ళూ సాయంత్రమైతే బజారు కూడలిలో బల్ల వేయించుకుని, దాని మీద నిలబడి దేవుణ్ణీ దయ్యాన్నీ ముహూర్తాన్నీ కులాన్నీ వరసపెట్టి దులిపేవాడు. వినేవాళ్ళు ఎదురు ప్రశ్నలు వేసేవాళ్ళు, కేకలు పెట్టేవాళ్ళు, అప్పుడప్పుడు రాళ్ళు కూడా విసిరేవాళ్ళు. నుదుటి మీద మిగిలిన మచ్చని ఆయన పతకం చూపించినట్టు చూపించేవాడు.

అలాంటి మనిషి 1970ల చివర్లో, వాషింగ్టన్ రాష్ట్రంలో, చలినీళ్ళ మధ్య ఒక దీవిలో వచ్చి పడ్డాడు. కారణం అమ్మ. అమ్మ నర్సు. ఆ దీవి అక్కడి ఆదివాసులది. వాళ్ళ క్లినిక్‌లో నర్సులెవరూ నిలవడం లేదని అమ్మని పిలిచి ఉద్యోగమిచ్చారు. మేమూ ఇండియన్లమే, వాళ్ళూ ఇండియన్లే అనే జోకుని దీవిలో ప్రతివాళ్ళూ మొదటి వారంలోనే మా మీద వేసేశారు. రెండో వారానికి అది వాళ్ళకే విసుగొచ్చింది కాబట్టి నేనూ దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

అమ్మ గోదావరి పాయల మధ్య పుట్టిన మనిషి. ఆ దీవిని "లంక" అనేది. ప్రభువే తనని ఆ లంకకి పంపాడని నమ్మేది. "ప్రభువు కాదు, నర్సుల కొరత పంపింది" అనేవాడు నాన్న. అమ్మ జవాబు చెప్పకుండా యూనిఫాం ఇస్త్రీ చేసుకునేది. భార్యలు భర్తల్ని పేరు పెట్టి పిలవాలని ఊరూరా ఉపన్యాసాలిచ్చిన ఆయన్ని ఆవిడ చివరిదాకా "ఏవండీ" అనే పిలిచింది. మా ఇంట్లో సంస్కరణ గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పుకుని బయటే నిలబడేది.

నాన్నకి దీవి బడిలో లెక్కల్లో వెనకబడ్డ పిల్లలకి సాయం చేసే పని దొరికింది. పిల్లలకి లెక్కలొచ్చాయి గానీ ఆయన ఆకలి తీరలేదు. ఆయనకి కావలసింది మూఢనమ్మకం. అది దొరికే దారి వచ్చిన మొదటి వసంతంలోనే కనిపించింది. ఆ ఏడు పడ్డ మొదటి సాల్మన్ చేపని దీవి అంతా కలిసి తిని, ముళ్ళని శుభ్రంగా ఏరి, తిరిగి నీళ్ళలో వదిలిపెడతారు. చేప అది చూసి మళ్ళీ వస్తుందట. నాన్న కళ్ళు మెరిశాయి. పంక్తి భోజనాల హాల్లో లేచి, మాట్లాడొచ్చా అని అడిగాడు. మాట్లాడమన్నారు. మాట్లాడాడు. చేపకి జ్ఞాపకం ఉండటమేమిటి, ముళ్ళకి మర్యాద ఏమిటి, అన్నాడు. వంటలు చల్లారుతున్నా ఆపలేదు. ఒక్కరూ అడ్డురాలేదు. ఆయన ముగించాక కూడా ఎవరూ నోరు మెదపలేదు. పైకప్పు మీద వాన చప్పుడు మాత్రం వినిపించింది. చివరికి ఒక ముసలాయన, "బాగా మాట్లాడావు. చేప తిను" అన్నాడు.

"చూశావా! ఒక్కడు కూడా ఖండించలేకపోయాడు!" అన్నాడు నాన్న, ఇంటికొస్తూ.

"ఏవండీ, వాళ్ళు ఎదుటివాడి మాటకి వెంటనే జవాబు చెప్పరు. అది వాళ్ళ మర్యాద. క్లినిక్‌లో కూడా అంతే. నొప్పెక్కడా అని అడిగితే కాసేపాగి చెబుతారు" అంది అమ్మ.

ముళ్ళు యథాప్రకారం నీళ్ళలోకి వెళ్ళాయి. మోసుకెళ్ళిన పిల్లల్లో నేనూ ఉన్నాను. పరిశీలన కోసం వెళ్ళానని నాన్నకి చెప్పాను. ఆ మాటకి ఆయన కాదనలేడు.

నేను ఆ దీవిలోనే పెరిగాను. ఆటలు అక్కడివే, జలుబులు అక్కడివే. ఈతకి ముందు నత్తగుల్లలు తవ్వడం వచ్చింది. తెలుగు రాయడం నాన్న నేర్పాడు, వాదించడం కూడా. బుట్ట అల్లడం మాత్రం మామ్మ నేర్పింది.

మామ్మ అంటే మా మామ్మ కాదు. నా క్లాస్‌మేట్‌కి నాయనమ్మ. దీవిలో పిల్లలందరికీ ఆవిడ గ్రాండ్‌మాయే, నేను ఇంట్లో తెలుగులో మామ్మ అనేదాన్ని. శనివారాలు హాల్లో ఆడపిల్లల్ని కూర్చోబెట్టి సీడార్ అనే దేవదారు జాతి చెట్టు నారతో అల్లిక నేర్పేది. వేసవి మొదట్లో, చెట్టులో రసం పైకెక్కే రోజుల్లో, అడవిలోకి తీసుకెళ్ళేది. కాండం అడుగున చిన్న గాటు పెట్టి, అరచేతి వెడల్పు బెరడుని పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగితే అది పైదాకా చీలుతూ పోయి, కొమ్మల దగ్గర సన్నబడి ఊడి పడేది. పై బెరడు ఒలిచేస్తే లోపల తేనెరంగు నార. దాన్ని చుట్టలు చుట్టి ఏడాది ఆరబెట్టి, అల్లేముందు నీళ్ళలో నానబెట్టాలి. గాటు పెట్టేముందు మామ్మ చెట్టు మీద చెయ్యి వేసి ఏదో మెల్లిగా అనేది.

"ఏమంటున్నావు?" అని అడిగాను.

"అడుగుతున్నాను. తీసుకోనా అని."

"చెట్టు వద్దంటే?"

ఆవిడ కాసేపాగింది. "ఇప్పటిదాకా అనలేదు" అంది.

నాన్నకి ఇది చెబితే, అది రుజువు కాదని నోట్లో కాఫీ ఉండగానే అన్నాడు.

మామ్మ నాకు నేర్పింది మామూలు అల్లిక. ఒక్కో కుటుంబానికీ సొంత గుర్తులుంటాయి, తిమింగలం రెక్కలాంటివీ అల మడతలాంటివీ. అవి నాకు చూపించింది గానీ నేర్పలేదు. నేను ఊరుకుంటానా? గీతలు ఎవరి సొత్తూ కాదని, గుర్తులకి హద్దులు గీయడం అన్యాయమని ఉపన్యాసం మొదలుపెట్టాను. మామ్మ విన్నది. ఆవిడ మనవరాలు మాత్రం వినలేదు.

"సరే. రేపట్నించి నేను మీ ఇంటిపేరు పెట్టుకుంటా" అంది.

"నీకెందుకు మా ఇంటిపేరు?"

"నీకెందుకు మా తిమింగలం?"

ఇంటిపేర్లు కూడా రద్దు చేయాలని ఆ తరవాత వారంలో తట్టింది గానీ అప్పటికి సందర్భం దాటిపోయింది.

నెలకోసారి అమ్మ నన్ను ఫెర్రీ ఎక్కించి అవతలి ఒడ్డున బాతెల్ అనే ఊరికి తీసుకెళ్ళేది. అక్కడ కోస్తా క్రైస్తవ కుటుంబాలు నాలుగైదు ఒకరింట్లో కలిసి తెలుగులో ప్రార్థన చేసుకునేవి. నాన్న కారులోనే కూర్చుని పేపర్ చదువుకునేవాడు. ప్రార్థన అయ్యాక పులిహోర, చికెన్, గ్రీన్‌కార్డ్ కబుర్లు. ఆ ఇంటావిడ మంచి ఆంటీ. నా చేతివేళ్ళకి పడ్డ నారమరకలు చూసి జాలిపడింది.

"ఇదేంటమ్మా, పిల్ల చేతులిలా అయ్యాయి?"

"బుట్టలు అల్లడం నేర్చుకుంటోందండీ" అంది అమ్మ.

"బుట్టలా! మేదరోళ్ళ పని కదమ్మా అది. ఇంతదూరం వచ్చి పిల్లకి బుట్టలల్లడం నేర్పిస్తారా? పియానోలో జాయిన్ చెయ్యండి."

ఆ గదిలో ఉన్న మా అందరి తాతల్నీ ఊరి బావి దగ్గరికి రానివ్వలేదు. బావి కోసమో బడి కోసమో దేవుణ్ణి మార్చుకున్నవాళ్ళం. దేవుణ్ణి మార్చినా, దేశాన్ని మార్చినా, ఏ పని ఎవరిదో చెప్పే చిట్టా మాత్రం పాస్‌పోర్ట్‌తో పాటే వచ్చింది. నేను నోరు తెరిచాను. అమ్మ నా మోకాలి మీద గట్టిగా గిల్లింది. ఆ రోజు పులిహోర నిశ్శబ్దంగా తిన్నాను.

నా మొదటి బుట్ట హైస్కూల్ ఆఖరి ఏడాదిలో పూర్తయింది. అంతకుముందు మొదలుపెట్టినవన్నీ సగంలో వంకర్లు పోయి విప్పేసినవే. ఇది నిలబడింది. మూత లేదు, రంగు లేదు. అంచు మాత్రం జడలాగా తిరిగి తనలో తనే దాక్కుంది. దాన్ని చూస్తే నాకు నేను కొత్తగా కనిపించాను. చిత్రలేఖనమో శిల్పమో ఏదో ఒకటి, చేతులతో బతకాలని ఆ బుట్టని ఎదురుగా పెట్టుకునే నిర్ణయించుకున్నాను. నగరంలో ఆర్ట్ కాలేజీకి దరఖాస్తు పెట్టాను. చేసిన వస్తువుల్ని తీసుకుని ఇంటర్వ్యూకి రమ్మన్నారు. నా దగ్గర బొమ్మలు కొన్ని ఉన్నాయి, అన్నీ అంతంతమాత్రం. చూపించదగ్గది బుట్ట ఒక్కటే.

మామ్మకి చెబితే, "ఇచ్చేయాలి కదా అది" అంది.

దీవిలో మొదటి బుట్ట ఎవరూ ఉంచుకోరు. ఇచ్చేస్తారు. అదీ అడిగినవాళ్ళకి ఇవ్వకూడదు, అడగనివాళ్ళకి ఇవ్వాలి. ఇచ్చాకే రెండోది మొదలుపెట్టాలి. ఇది నాకు తెలియక కాదు, నా బుట్ట దాకా రాదనుకున్నాను.

నాన్నకి పండగ వచ్చినట్టయింది. ఇన్నేళ్ళకి ఒక ఆచారం సొంత కూతురి భవిష్యత్తుకి అడ్డంగా వచ్చి నిలబడింది. శనివారం నాతో పాటు హాలుకొచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. మామ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, ఒక్క ప్రశ్న. మొదటిదే ఎందుకివ్వాలి? రెండోది ఎందుక్కాదు?"

మామ్మ నార తడుపుతూ చాలాసేపు ఆలోచించింది. "తెలీదు" అంది.

నాన్న ముందుకి వంగాడు. "ఇవ్వకపోతే ఏమవుతుంది?"

"తెలీదు. నేను ఇచ్చేశాను."

"మీ అమ్మమ్మ చెప్పలేదా కారణం?"

"నేను అడగలేదు. నా చేతిలో పని ఉంది."

"మరి కారణం తెలియని పనిని ఈ పిల్ల ఎందుకు చెయ్యాలి?"

"చెయ్యమని ఎవరన్నారు?" అంది మామ్మ. "అది ఆ అమ్మాయి బుట్ట. తీసుకెళ్ళనీ."

నాన్న కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. రాయి పడుతుందని తల వంచినవాడికి రాయి పడలేదు. ఇంటికొచ్చేదాకా గెలిచానని చెబుతూనే ఉన్నాడు గానీ, నడకలో గెలిచిన దర్జా లేదు. నాకూ అంతే. శాపం ఉంటే ధిక్కరించేదాన్ని. అనుమతిని ఎలా ధిక్కరించాలి?

ఇంటర్వ్యూ రోజు నాన్నే డ్రైవ్ చేశాడు. బుట్ట నా ఒళ్ళో. కాలేజీలో ఆయన్ని వరండాలో కూర్చోమని నన్ను లోపలికి పిలిచారు. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్నాయన బుట్టని రెండు చేతులతో, పసిబిడ్డని అందుకున్నట్టు అందుకున్నాడు. నా బొమ్మల వైపు చూడలేదు. నా దరఖాస్తులో దీవి చిరునామా చూశాడు, నా రంగు చూశాడు, ఆ రెంటినీ కలిపేశాడు.

"మీ కుటుంబం ఎన్ని తరాలుగా అల్లుతోంది?"

"ఒక తరం. అందులో కూడా నేనొక్కదాన్నే."

వినయం అనుకుని ముగ్గురూ నవ్వారు. "మీ అమ్మగారు అల్లరా?" అంది పక్కనావిడ.

"ఆవిడ నర్సు. మేం ఇండియా నుంచి వచ్చాం. ఆంధ్ర అని, అక్కణ్ణించి."

మధ్యలో ఆయన బుట్టని మెల్లిగా బల్ల మీద పెట్టాడు. చేతిలో ఉన్నది పసిబిడ్డే గానీ పక్కింటివాళ్ళదని తెలిసినట్టు పెట్టాడు.

"అంటే ఇది నీ సంప్రదాయం కాదన్నమాట."

"కాదు. చేతులు మాత్రం నావే."

"మీ దేశంలో ఇంటిముందు పిండితో ముగ్గులు వేస్తారట కదా. ఎంత అందంగా ఉంటాయో! అలాంటిది నువ్వేమైనా..." అంది పక్కనావిడ, నిజమైన ఆసక్తితోనే.

"మా ఇంట్లో ముగ్గు వెయ్యరండీ. మా అమ్మ క్రైస్తవురాలు, మా నాన్నకి దేవుడే లేడు. నాకు చుక్కలు కలపడం రాదు."

మూడో ఆయన దగ్గాడు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తరవాత మధ్యలో ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. కాలేజీలో అద్దాల బీరువా ఒకటి ఉంది, ఆ ప్రాంతపు అల్లిక పనులు పెడతారు. ఈ బుట్ట ఆ దీవి పనికి చక్కని నమూనా. దీన్ని వాళ్ళకి వదిలిపెడితే బాగుంటుంది. నా దరఖాస్తుని కూడా అప్పుడు మంచి మనసుతో చూడగలుగుతారు.

"కార్డు మీద ఎవరి పేరు రాస్తారు?" అన్నాను.

"దీవి పేరు. మనుషుల పేర్లు మామూలుగా రాయం."

అంటే బుట్ట కాలేజీలో చేరవచ్చు, దాని వంశం మంచిది. దాన్ని అల్లినమ్మాయి సంగతే ఆలోచించాలి. బాతెల్ ఆంటీ ఈ పని నీ పుట్టుకకి తక్కువంది. వీళ్ళు నీ పుట్టుక ఈ పనికి తక్కువంటున్నారు. ఆంటీకి చదువు తక్కువని సర్దుకున్నాను, వీళ్ళ చదువు గోడ మీద ఫ్రేములు కట్టి వేలాడుతోంది. మనిషి చేసిన వస్తువుని ముందు పెడితే, ఎలా చేశావని అడగడం మానేసి ఎవరికి పుట్టావని అడుగుతారు. మా ఊళ్ళో బావి దగ్గర మొదలై ఇక్కడి అద్దాల బీరువా దాకా ఒకే ప్రశ్న. బీరువాకి తాళం మెరుగ్గా ఉంది, అంతే తేడా.

ఇదంతా వాళ్ళకి చెప్పాలి. చెప్పగలను కూడా, నాన్న కూతుర్ని. ఆయన నాకు ఇందుకోసమే నేర్పాడు. నా ఎదురుగా బల్ల ఉంది, వినేవాళ్ళు ముగ్గురున్నారు, వరండాలో గురువు కూర్చుని ఉన్నాడు. నోరు తెరిస్తే వచ్చిన మాటలివి:

"ఇవ్వడానికి వీల్లేదండీ. మా దగ్గర మొదటి బుట్ట అడగనివాళ్ళకి ఇవ్వాలి. మీరు అడిగారు."

వాళ్ళ మొహాల్లో గౌరవం కూడా కనిపించింది, అదే అన్నిటికంటే చిరాకు. ఆచారం అనేసరికి వాళ్ళు చేతులు వెనక్కి తీసుకున్నారు. అన్యాయం అని ఉంటే కమిటీ వేసేవాళ్ళు. బుట్ట తీసుకుని బయటికొచ్చాను.

"ఏమన్నారు?" అన్నాడు నాన్న. చెప్పాను. కారెక్కేదాకా నడుస్తూ విన్నాడు. తలుపు వేశాక అందుకున్నాడు.

"నీకు చరిత్ర ఉంది, తర్కం ఉంది, ఇంతమంది తాతల ఉసురు ఉంది. ఇన్ని ఉండగా పోయి పోయి మూఢాచారాన్ని అడ్డం పెట్టుకున్నావా?"

"పనిచేసింది నాన్నా."

"పనిచేయడం రుజువు కాదు!"

"రుజువు చూపించడానికి వెళ్ళలేదు, సీటు కోసం వెళ్ళాను."

"అది వచ్చిందా?"

రాలేదు. అది ఇద్దరికీ తెలుసు. ఫెర్రీ మీద ఆయన రెయిలింగ్ దగ్గరికెళ్ళి నీళ్ళకేసి చేతులూపుతూ ఆ ముగ్గురికీ నేను చెప్పాల్సిన ఉపన్యాసం మొత్తం ఇచ్చాడు. చాలా మంచి ఉపన్యాసం. సీల్ జంతువు ఒకటి తల పైకెత్తి కాసేపు విని మునిగిపోయింది. కారులో కూర్చున్న నాకు భయం వేసింది. ఆ ముగ్గురూ చేసిన లెక్క తప్పని నాకు తెలుసు. తెలిసినా, రెండోది అల్లగలనన్న నమ్మకం లేదు. చేతిలో ఉన్న ఈ ఒక్కటీ చూపించుకుంటూ ఎన్నాళ్ళు తిరుగుతాను?

ఇంటికొచ్చేసరికి అమ్మ డ్యూటీ నించి వచ్చి స్టవ్ దగ్గర నిలబడి ఉంది. యూనిఫాం ఇంకా మార్చలేదు. మా ఇద్దరి మొహాలూ చూసింది. కాలేజీ గురించి అడగలేదు, బుట్ట గురించి అడగలేదు.

"కాళ్ళు కడుక్కు రండి" అంది.

మా ఇంట్లో ఎవరికేం కావాలో మేమిద్దరం ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. ఆవిడ ఫలానాది నాకు కావాలనడం నేను వినలేదు. ఆడవాళ్ళ హక్కుల గురించి నాన్న రాసిన వ్యాసాలు ఆవిడ వండిన అన్నం తిని రాసినవి, నేను ఇప్పుడు రాసేవాటి సంగతీ అంతే. బుట్టని ఆవిడ ముందు పెట్టాను.

"నీకే."

"నాకెందుకే? ఎవరికో ఇచ్చేయాలన్నావు కదా."

"అడగనివాళ్ళకి ఇవ్వాలమ్మా."

"ఏవండీ, ఇదేమంటోంది?"

"నన్నడగొద్దు. నాకు ఆ ఆచారంతో సంబంధం లేదు" అన్నాడు నాన్న.

అమ్మ చేతులు తుడుచుకుని బుట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. అంచు మీద వేలితో రాసింది. "ఎంత ఓపికే నీకు" అంది. తరవాత సింక్ కింద నించి గోనెసంచి లాగి, నేను అడ్డుపడేలోపల ఉల్లిపాయలన్నీ అందులో కుమ్మరించింది.

"అమ్మా! అది ఆర్టు!"

"బుట్టే కదే. ఉల్లిపాయలు కాకపోతే ఇంకేం పోస్తారు?"

నాన్న గట్టిగా నవ్వాడు. ఆ రోజంతట్లో ఆయనకి నచ్చిన వాదన అదొక్కటే.

శనివారం ఉత్తచేతులతో హాలుకెళ్ళాను. మామ్మ ఏమీ అడగలేదు. మనవరాలే అడిగింది.

"ఎవరికిచ్చావు?"

"మా అమ్మకి."

"ఏం చేసింది?"

"ఉల్లిపాయలు పోసింది."

మామ్మ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు ఆగాక నానబెట్టిన నార ఒక కట్ట నా ముందుకి తోసింది. ఆ ఆచారంలో కారణం ఉందని నేను ఇప్పటికీ ఒప్పుకోను. నాన్న మాత్రం ఆ తరవాత ఒక కారణం కనిపెట్టాడు, ఆస్తి మీద మమకారం పోగొట్టడానికని ఏదో. దాన్ని దీవి అంతా చెప్పుకు తిరిగాడు. అందరూ మర్యాదగా విన్నారు. నాకు తెలిసిందల్లా, ఎదురుగా చూసి అల్లడానికి పాతది లేకపోయేసరికి రెండోదాన్ని మొదటినించీ చేతులతోనే ఆలోచించాల్సి వచ్చిందని. అడుగు మూడుసార్లు విప్పాను. చివరికి అది మొదటిదానిలా రాలేదు. గుండ్రం తగ్గింది, పక్కలు కొంచెం లోపలికి వంగాయి. అలా ఎందుకు వచ్చిందో నాకే తెలియదు, బాగుందని మాత్రం తెలుసు.

మరుసటి ఏడాది దాన్ని తీసుకుని ఇంకో కాలేజీకి వెళ్ళాను. అక్కడ ఒక్కావిడే ఉంది, మట్టి చేతులతో. బుట్టని తీసుకుని తిరగేసింది. నా మొహం చూడలేదు, చిరునామా చూడలేదు.

"ఈ అడుగు ఎలా మొదలుపెట్టావు?" అంది.

కుర్చీలో కూర్చుని చెప్పడానికి కుదరలేదు. నేలమీద కూర్చుని చూపించాను.